గుసగుస వినపడే బండి

సీట్లక్క ఎవరికీ సొంత అక్క కాదు. మా మెకానిక్కుల వీధిలో ఆటోలకీ, మోటారుసైకిళ్ళకీ, కార్లకీ సీట్లు కుట్టేది ఆమే కాబట్టి చిన్నా పెద్దా అందరికీ సీట్లక్కే. నాది పక్క కొట్టు. బ్యాటరీలు అమ్ముతాను, నీరసించినవాటికి చార్జింగు పెడతాను. మా రెండు కొట్లకీ మధ్య గోడ లేదు, ఇనపరేకు ఒకటి అడ్డం ఉంది. ఆ రేకు గుండా ఆమె మిషను చప్పుడు నేనూ, నా నోటి చప్పుడు తనూ పదిహేనేళ్ళుగా భరిస్తున్నాం. నా నోట్లో నువ్వుగింజ నానదని ఆమె అంటూ ఉంటుంది. నానదు. నానితే ఈ సంగతి మీదాకా వచ్చేదే కాదు.

ఆమె భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన ఉన్నప్పుడు కొలతలు తీసి కత్తిరించడం ఆయన పని, కుట్టడం ఆమె పని. ఆయన పోయాక కొట్టు మూసేస్తుందనే అందరం అనుకున్నాం. నేనైతే ఆ కొట్టు కూడా తీసుకుని నా బ్యాటరీలు సర్దుకుందామని లోలోపల ఆశపడ్డాను, ఇప్పుడు దాచడమెందుకు. నెల తిరక్కుండానే షట్టరు పైకి లేచింది. "కత్తిరించడం నీకు రాదు కదక్కా?" అన్నాను. "పాడుచేస్తుంటే అదే వస్తుంది తమ్ముడూ" అంది. ఆర్నెల్లు పాడుచేసింది. తర్వాత వచ్చింది. ఇప్పుడు కొప్పులో పెన్సిలు గుచ్చుకుని, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఆమె సుద్దతో ఒక గీత గీసిందంటే దానికిక తిరుగులేదు. ఆమెకున్న గర్వమల్లా ఒక్కటే. వేసిన కుట్టు విప్పదు. సీటు రంగు నచ్చలేదని ఒకాయన గొడవకొస్తే, "రంగు ఎంచుకున్న కళ్ళు మీవి, కుట్టిన చెయ్యి నాది. నా చెయ్యి తప్పు చెయ్యలేదు" అని పంపించేసింది.

అలాంటి మనిషి దగ్గరికి ఒకరోజు పొద్దున్నే మొక్కలావిడ వచ్చింది. వచ్చింది అనేకంటే వినపడింది అనాలి. "ఇక్కడేనండీ! ఆపండి! ఆపండీ!" అన్న కేక ముందొచ్చింది, దాని వెనకాల దడదడమంటూ బండి వచ్చింది, బండిలోంచి ఆవిడ దిగింది.

మొక్కలాయనా మొక్కలావిడా ఊరి చివర నర్సరీ పెట్టుకుని బతుకుతున్నారు. పూలమొక్కలు, పండ్లమొక్కలు, కుండీలు, ఎర్రమట్టి బస్తాలు పికప్పులో వేసుకుని ఇళ్ళకీ ఆఫీసులకీ అందిస్తారు. ఆయన నడుపుతాడు, ఆవిడ పక్కన కూర్చుంటుంది. ఆ పికప్పుకి నలభై రెండేళ్ళు. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, గుండ్రటి దీపాలు, వెనక చెక్కపలకల తొట్టి. ఆ మోడలు ఇప్పుడెక్కడైనా కనిపిస్తే కుర్రకారు ఆపి ఫోటోలు తీసుకుంటారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, ఎక్కి కూర్చుంటే తెలుస్తుంది దాని సంగతి. క్యాబిన్ అంతా ఒట్టి రేకు. ఇంజను మోత కాళ్ళ దగ్గర్నుంచి, గాలి మోత తలుపుల్లోంచి, కుండీల మోత వీపు వెనకనుంచి. రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది. అందులో ముప్ఫై ఏళ్ళు మొగుడి పక్కన కూర్చుని మాట్లాడిన గొంతు మొక్కలావిడది. అరిచి అరిచి, మామూలుగా మాట్లాడటమే మరిచిపోయింది పాపం.

"వదినా, మా ఆయనకి గొంతు ఆపరేషనయింది!" అని వీధి మొత్తానికి చెప్పింది. సీట్లక్క మిషను ఆపి స్టూలు జరిపింది. ఆవిడ కూర్చోలేదు.

"గడ్డ తీసేశారు. ప్రాణానికేం భయం లేదన్నారు. గొంతు మాత్రం ఇక అంతేనంట, గుసగుసే మిగిలింది! గట్టిగా మాట్లాడితే ఆ కాస్తా పోతుందన్నాడు డాక్టరు. మా కాపురం మాటలన్నీ బండిలోనే వదినా! ఇంటికెళ్తే మొక్కలకి నీళ్ళు, వంట, పడక. బండిలో ఆయనేదో అంటారు, నాకు వినపడదు. ఆఁ, ఆఁ అంటాను. ఆయన గొంతు పెంచుతారు. సాయంత్రానికి మంచినీళ్ళు కూడా మింగలేరు. ఇప్పుడసలు మాట్లాడ్డమే మానేశారు. పొద్దస్తమానం పక్కపక్కనే కూర్చుని మూగాళ్ళలా తిరుగుతున్నాం. మొన్న కాగితం మీద రాసి చూపించారు, బండి అమ్మేద్దామని!"

చివరి మాట దగ్గర ఆవిడ గొంతు తగ్గలేదు గానీ వణికింది.

"నన్నేం చెయ్యమంటావు వదినా?" అంది సీట్లక్క.

"ఆ బండి లోపల మోత లేకుండా చెయ్యి."

"నేను సీట్లు కుడతాను వదినా. మోతని ఎక్కడ పట్టుకుని కుట్టాలో నాకు తెలీదు."

ఇక్కడ నేను ఊరుకోవలసింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఇంటావిడ నన్ను రోజుకోసారి అడుగుతుంది. నేను లేచి, నా దగ్గర చిన్న మైకూ స్పీకరూ ఉన్నాయనీ, మెడలో వేసుకుంటే ఎంత మోతలోనైనా మాట వినపడుతుందనీ చెప్పి తెచ్చేశాను. మొక్కలాయన బండి దిగొచ్చాడు. పొడుగాటి మనిషి, మెడకు సన్నటి గుడ్డ చుట్టుకున్నాడు. నేను మైకు తగిలించాను. ఆయన భార్యవైపు తిరిగి "ఏమే" అన్నాడు. ఆ ఒక్క పిలుపు బస్టాండులో ప్రకటనలాగా వీధి ఈ చివర నుంచి ఆ చివరికి మోగింది. టైరు షాపు వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది. మైకు తీసి, మర్యాదగా రెండు చేతులతో నాకు తిరిగిచ్చేశాడు. నాకు సిగ్గేసింది.

సీట్లక్క మాత్రం ఆయన్నే చూస్తోంది. "అన్నయ్యగారూ, మైకు లేకుండా ఏదైనా అనండి" అంది.

ఆయన ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. ఆమె ఒకడుగు ముందుకేసి, "మళ్ళీ అనండి" అంది. ఇంకో అడుగు వేసింది. అప్పుడు ఆమెకు వినపడింది. ఆయన అన్నది ఇదీ: "అమ్మా, ఆవిడ బాధ చూడలేక వచ్చాను. కుదరకపోతే కుదరదని చెప్పేయండి, ఏమీ అనుకోం." ఆమె అక్కడే ఆగిపోయి, కొలతల టేపు తీసి తన చెవి నుంచి ఆయన నోటి దాకా కొలిచింది. రెండున్నర అడుగులు. తర్వాత బండెక్కి, డ్రైవరు తల ఉండే చోటు నుంచి పక్క మనిషి చెవి దాకా కొలిచింది. రెండడుగుల నాలుగంగుళాలు. దిగొచ్చి, "రెండంగుళాలు మిగిలాయి వదినా. బండి ఇక్కడ వదిలేసి వెళ్ళండి" అంది.

వాళ్ళు వెళ్ళాక నేను గట్టిగానే కోప్పడ్డాను. రాని పని నెత్తికెత్తుకోవడం ఎందుకన్నాను. "పాడుచేస్తుంటే వస్తుంది" అనలేదు ఈసారి. "పాడుచెయ్యడానికి వీల్లేదు తమ్ముడూ" అంది.

ఆ మరునాటి నుంచి ఆమె కొట్టు పిచ్చివాళ్ళ సంతలా తయారైంది. ఎక్కడెక్కడి నుంచో ముక్కలు తెచ్చింది. నల్లటి తారు షీటు, జనపనార ఫెల్టు, సీట్లలో వేసే స్పాంజి, థర్మకోలు, పైన వెండిరేకు అంటించిన జిగురు రబ్బరు షీటు, చిన్నచిన్న గాలిగదులున్న నల్లటి ఫోము. నా దగ్గరున్న పాత బజరు ఒకటి అడిగి తీసుకుంది. దాన్ని బ్యాటరీకి కలిపి బిస్కెట్ల డబ్బాలో పెట్టి, ఒక్కో ముక్కా డబ్బాకి చుట్టి, ఎన్ని అడుగులు వెనక్కి నడిస్తే ఆ కూత వినపడకుండా పోతుందో చూసేది. మూడు రోజులు ఆ డబ్బా కూస్తూనే ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళు నా బ్యాటరీలే కూస్తున్నాయనుకుని పక్క వీధికి పోయారు.

నాలుగో రోజు ఆమె నన్ను పిలిచి డబ్బా మీద వేలితో కొట్టి చూపించింది. "చూడు తమ్ముడూ, మోతలు రెండు రకాలు. రేకు వణికితే పుట్టేది ఒకటి, గాల్లో తేలి వచ్చేది ఒకటి. స్పాంజి గాల్లోదాన్ని కాస్త మింగుతుంది, రేకు వణుకు దానికి పట్టదు. ఈ రబ్బరు షీటు రేకుని కదలనివ్వదు, గాల్లోదాన్ని మాత్రం వదిలేస్తుంది. రెండూ ఒకదాని మీద ఒకటి వెయ్యాలి." డబ్బాకి ఒకవైపు రబ్బరు షీటు అంటించి ఉంది. అటువైపు కొడితే చెక్క మీద కొట్టినట్టు డొబ్బుమంది.

"తారు షీటు అయితే చవగ్గా అయిపోతుందిగా, రబ్బరెందుకు?" అన్నాను.

ఆమె ఆ తారు షీటు ముక్కని రెండు రోజులు కొట్టు పైకప్పు మీద ఎండలో పెట్టింది. తెచ్చి నా ముక్కు దగ్గర పట్టింది. రోడ్డు వేసే చోట నిలబడ్డట్టు గొంతు పట్టేసింది, దగ్గాను. "నీకే ఇలా ఉంటే అన్నయ్యగారి గొంతుకి?" అంది. ఫెల్టు ముక్కని బకెట్లో ముంచి, పిండి, కొట్టు మూల వదిలేసింది. నాలుగు రోజులకు బూజు వాసన. తడి మొక్కలూ తడి చెప్పులూ ఎక్కే బండి కాబట్టి అదీ పనికిరాదంది. ఆమె చూసింది చప్పుడొక్కటే కాదు. ప్రతి ముక్కా ఆయన గొంతులోకి వెళ్తుందన్నట్టు చూసింది. నాకప్పుడే అనిపించింది, ఈమె చేతిలో పడ్డ పని అదృష్టం చేసుకుందని.

ఇక బిగించే పని. సీటు ఊడదీసి బయట పెట్టింది. కింద రబ్బరు మ్యాట్లు లేపితే ముప్ఫై ఏళ్ళ మట్టి, రెండు తలపిన్నులు, విరిగిన దువ్వెన, మట్టిలో పాలిపోయి మొలిచిన ఒక మొక్క. ఆ మొక్కని డబ్బాలో పెట్టి పక్కనుంచింది, వాళ్ళ సరుకు వాళ్ళకివ్వాలని. డ్రైవరు వైపు మ్యాటుకి అరచేతి వెడల్పున చిల్లు ఉంది. ఆ చిల్లు కింద రేకు రంగంతా పోయి అద్దంలా మెరుస్తోంది. "ఎంత అరిగిపోయిందో చూడు, మోతంతా ఇందులోంచే వచ్చేది" అని ముందు అక్కడే రబ్బరు షీటు పరిచింది.

తీగబ్రష్షుతో తుప్పు గీకింది. నేలంతా తుడిచి ఆరబెట్టింది. పాత పేపర్లు పరిచి, అంచులు గోటితో నొక్కి, కొలత దించుకుని షీట్లు కత్తిరించింది. వాటిని ఎండలో పెట్టి మెత్తబరిచి అంటించి, మందపాటి గాజుసీసాతో దొర్లిస్తూ గాలి లేకుండా నొక్కింది. ఇంజనుకీ కాళ్ళకీ మధ్య ఉన్న రేకుగోడకి రెండు వరసలు వేసింది. తీగలు లోపలికొచ్చే కంతలకి రబ్బరు బిరడాలు బిగించింది. తలుపుల లోపల చెయ్యి దూర్చి అంటిస్తూ, అడుగున వాన నీళ్ళు కారిపోయే సన్నటి కంతలు మాత్రం వేలితో తడిమి తడిమి వదిలేసింది. బరువు షీటు పైకప్పుకి వేస్తే ఎండకి ఊడి నెత్తిన పడుతుందని అక్కడ ఫోము ఒక్కటే వేసింది. షీటు అంచులకి చేతులు కోసుకుపోయి వేళ్ళన్నిటికీ గుడ్డపీలికలు కట్టుకుంది. అన్నం తినేటప్పుడు చెంచా అడిగితే, మా ఇంటావిడ చూసి తానే కలిపి పెట్టింది.

చివర్న నేలకి ఫోము మీద మందపాటి కార్పెట్టు. చుట్టూ అంచులకి రెండు వరసల కుట్టు. సొల్యూషన్ జిగురు వాసన పూర్తిగా పోయేదాకా బండి తలుపులు రెండూ బార్లా తెరిచి నాలుగు రోజులు నీడలో ఉంచింది. ఐదో రోజు నన్ను లోపల కూర్చోబెట్టి తలుపు వేసింది. బయట టైరు షాపులో సుత్తి దెబ్బలు పడుతున్నాయి. చెయ్యి ఎత్తడం దించడం కనిపిస్తోంది, చప్పుడు మాత్రం ఎక్కడో నాలుగు వీధుల అవతల నుంచి వస్తున్నట్టుంది. నా ఊపిరి నాకు వినపడింది. నేను దిగి, "అక్కా, ఇది బండి కాదు, బ్యాంకు లాకరు" అన్నాను. ఆమె నవ్వింది. ఆ పూట ఆమె అంత సంతోషంగా ఉండటం చూసి నాకూ కడుపు నిండింది.

మొక్కలాయన వచ్చాడు. లోపలంతా చేత్తో తడిమి చూసి దణ్ణం పెట్టాడు. దంపతులిద్దరూ ఎక్కి బయల్దేరారు. గంటలో తిరిగి రావాలి, రెండు గంటలైంది. వచ్చేసరికి మొక్కలావిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్క మాట కూడా మాట్లాడలేదు వదినా!" అంది. "ఎంత నిశ్శబ్దంగా ఉందో! అయినా మాట్లాడలేదు! నాలుగుసార్లు బండి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేతిలో బండి ఎప్పుడూ ఆగలేదు. ముఖమంతా చెమటలు!"

మొక్కలాయన తల వంచుకుని నిలబడ్డాడు. సీట్లక్క దగ్గరికెళ్ళి చెవి పెట్టింది. "పని అద్భుతంగా ఉందమ్మా" అన్నాడాయన. "తప్పు నాదే. గేరు ఎప్పుడు మార్చాలో తెలియట్లేదు. ఇంజను తిరుగుతోందో ఆగిందో కూడా తెలియట్లేదు. మాట్లాడదామంటే భయం, ధ్యాసంతా దాని మీదే."

ఆ బండిలో స్పీడు చూపించే ముల్లు విరిగి పాతికేళ్ళయింది. ఇంకే మీటరూ లేదు. ఆయన నడిపిందంతా చెవితోనే అని మాకెవరికీ తట్టలేదు. ఇంతకాలం ఆవిడకు మాట వినపడనివ్వనిది ఏదో, ఆయన చేత బండి నడిపించింది అదే. చూశారా తమాషా!

"కొత్త మీటరు పెట్టిస్తే సరి" అన్నాను నేను. "అరవయ్యేళ్ళు దాటాక ముల్లు చూస్తూ రోడ్డెలా చూస్తారు?" అని సీట్లక్క నా మాట కొట్టిపారేసింది. "పదండి అన్నయ్యగారూ, నేనూ వస్తాను. నడపండి." మొక్కలావిడ దిగింది, ఈమె ఎక్కింది.

వాళ్ళు వీధి చుట్టూ మూడుసార్లు తిరిగారు. తిరిగొచ్చి దిగినప్పుడు ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. కొట్లోకొచ్చి స్టూలు మీద కూలబడి, "ఆయన చెవితో కాదు తమ్ముడూ, కాలితో వింటారు" అంది. ఆయన నడిపేటప్పుడు చెప్పులు విప్పేస్తాడట. క్లచ్చు వదిలాక ఎడమ మడమ ఆ మెరుస్తున్న చోట ఆనిస్తాడట. రేకు అదురుని బట్టి ఆయనకు ఇంజను సంగతి తెలిసిపోతుంది. అలా తెలుస్తోందని తనకే తెలియదు, కాలికి తెలుసు. ఇప్పుడా కాలు కార్పెట్టు మీద అటూ ఇటూ తడుముకుంటోంది. "మ్యాటుకి చిల్లు పడిందనుకున్నాను. ఆ చిల్లు ఆయన చేసుకున్నది. దాన్నే నేను ముందు పూడ్చేశాను" అంది.

నాకు కోపమొచ్చింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? సీట్లే కుట్టుకుంటానని మొదటి రోజే అన్నావుగా. పోనీ, ఆయనే అలవాటు చేసుకుంటాడులే. నెల రోజులు పడుతుంది" అన్నాను.

"ఆ నెల రోజులూ ఆవిడతో మాట్లాడరు. నెల తర్వాత బండి ఉండదు."

లేచి బ్లేడు తీసుకుని బండెక్కింది. పదిహేనేళ్ళలో ఆమె వేసిన కుట్టు ఆమె విప్పడం నేను చూడలేదు. మొక్కలాయనను చెప్పుల్లేకుండా కూర్చోబెట్టి, ఆయన మడమ చుట్టూ సుద్దతో గీత గీసింది. గీసి, కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. తర్వాత కోసింది. కార్పెట్టు, ఫోము, రబ్బరు షీటు, ఒక్కొక్క పొరా కోసుకుంటూ మెరిసే రేకు దాకా వెళ్ళింది. "బాధగా ఉందా అక్కా?" అన్నాను. "ఉండదా మరి, నా చేత్తో కుట్టింది" అంది తల ఎత్తకుండా. అంచు చుట్టూ రెగ్జినుతో సన్నటి పట్టీ వేసి కుట్టేసింది. చూస్తే అది దిద్దుబాటులా లేదు, మొదట్నుంచీ అక్కడ కాలికోసం కిటికీ పెట్టినట్టుంది.

అసలు భయం అప్పుడు పట్టుకుంది. ఆ కిటికీలోంచి మోత లోపలికొస్తే? గుసగుస అందే దూరంలో చేతిలో ఉన్నవి రెండంగుళాలే. ఇంజను స్టార్టు చేయించి చూసింది. కొంచెం వచ్చింది. వెంటనే సీటు మళ్ళీ ఊడదీసి, మొక్కలావిడ తల వెనక ఉండే గోడకి ఇంకో వరస ఫోము వేసింది. ఆయన కాలికి అదురు కావాలి, ఆవిడ చెవికి మాట కావాలి, రెండూ ఇచ్చేదాకా దిగనని మొండికేసి మర్నాడు మధ్యాహ్నం దాకా అందులోనే ఉంది.

ఆ మధ్యాహ్నమే భోజనాలయ్యాక ముగ్గురూ బయల్దేరారు. డ్రైవరు సీట్లో ఆయన, మధ్యలో మొక్కలావిడ, తలుపు పక్కన సీట్లక్క, ఇంకేదైనా మోత దొరికితే అక్కడికక్కడే మూసెయ్యడానికి ఒళ్ళో పనిముట్ల సంచీ. నన్నెవరూ పిలవలేదు. కొట్టుకు తాళం వేసి వెనక తొట్టిలో ఎక్కాను. క్యాబిన్ వెనకద్దంలోంచి మూడు తలలూ కనిపిస్తున్నాయి. మలుపు దగ్గర గేరు వెన్నలా మారింది. రెండో మలుపులోనూ అంతే. ఆయన భుజాలు కిందకి దిగాయి. గోడౌన్ల పక్క రోడ్డెక్కాక ఆయన తల ఆవిడవైపు కొద్దిగా వంగింది. ఆవిడ ఒక్క ఉలుకు ఉలికింది. ఆ తర్వాత ముగ్గురి తలలూ నవ్వుతో ఊగాయి. ఇంకో రెండు ఫర్లాంగులు పోయామో లేదో, బండి రోడ్డు పక్కన ఆగింది. సీట్లక్క తలుపు తీసి దిగింది.

"దిగు తమ్ముడూ" అంది నాతో.

"ఏమైంది? ఆగిపోయిందా?"

"ఏం కాలేదు. దిగమన్నానా."

దిగాను. బండి మెల్లగా ముందుకు వెళ్ళిపోయింది. ఎర్రటి ఎండ. మా వీధి అక్కడికి రెండు మైళ్ళ దూరం. నాకు ఒళ్ళు మండింది. "మనల్ని దింపి రావచ్చుగా వాళ్ళు? ముగ్గురు కూర్చునే సీటే కదా, నువ్వు కుట్టిందే కదా" అన్నాను.

"ముగ్గురు పట్టలేదు" అంది.

గోడౌన్ల నీడలోకి వచ్చాక తనే చెప్పింది.

"ఆయన అన్నారు, 'రేపు ఆ బడికి కుండీలు దింపాలి కదే' అని. వదిన, 'ఆఁ! రేపు పొద్దున్నే దింపాలండీ!' అని చెవులు చిల్లులు పడేలా అరిచింది. ఆయన ఒక్క క్షణం ఆగి, 'ఎందుకే అరుస్తావు, వినపడుతోందిగా' అన్నారు. అందరం నవ్వాం."

"చూశాను. తర్వాత?"

"తర్వాత వదిన గొంతు తగ్గించింది. తగ్గించడం రావట్లేదు పాపం. ఒకసారి మరీ అడుక్కి పోతోంది, ఒకసారి పైకి లేస్తోంది. అలా తంటాలు పడి పడి అడిగింది, 'ఆపరేషను రోజు మీకు భయమేసిందా?' అని."

"ఆయనేమన్నాడు?" అన్నాను.

"ఆయన గేరు మార్చి చెప్పారు. 'వేసింది. చాలా వేసింది. మళ్ళీ నిన్ను పిలవగలనో లేదో అని.' వదిన అంది, 'నాకూ వేసిందండీ. ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో. అరిచి చెప్పే మాట కాదు కదా' అని."

సీట్లక్క నడక ఆపింది. "నేను కిటికీవైపు తిరిగి కూర్చున్నాను తమ్ముడూ. చెవులు మూసుకుంటే బాగోదు. ఎటు తిరిగినా వినపడుతూనే ఉంది. ఒక్క మాట, ఒక్క ఊపిరి కూడా పోవట్లేదు. అంత బాగా చేశాను నేను."

ఆ మాట గర్వంగానే మొదలుపెట్టింది. పూర్తయ్యేసరికి ఏడుస్తోంది. ఆమె కొట్లో కూడా కొలతలు చెప్పే గొంతు ఒకటుండేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆమె చేతిలోని పనిముట్ల సంచీ తీసుకుని నా భుజాన వేసుకున్నాను. ఇద్దరం కొట్ల దాకా నడిచాం.